లక్డారం మల్లయ్య తాకిన కోటరాళ్లు

లక్డారం మల్లయ్య ఇక లేడన్న వార్త సోమవారం ఉదయం పటాన్‌చెరులో బస్సు దిగుతుండగా చెవిన పడింది. నిశ్చేష్టుణ్ణయ్యాను. శనివారం షిఫ్టు దిగి, "పోయొస్త సారూ" అని చెయ్యెత్తి వెళ్లిన మనిషి! నిద్రలోనే గుండె ఆగిందట. శోకంతోనే ఈ నాలుగు మాటలు మొదలుపెట్టాను. కానీ సంతాపసభ చూశాక శోకాన్ని మించి రోత పుడుతోంది. అందులో నా వాటా తక్కువేమీ కాదు.

రాళ్లు కొట్టే ఇంట పుట్టి, మా కర్మాగారపు ఫౌండ్రీలో పోతపని నేర్చిన నిష్కల్మష హృదయుడు మల్లయ్య. పోసిన ఇనుములో చిన్న బొక్క కనబడ్డా, తన చేతి తప్పైనా సరే, చుట్టూ సుద్దముక్కతో గుండ్రంగా గీసేవాడు. మిగతావాళ్లు లప్పం పెట్టి రంగు పూసి పంపేవారు. "జెర సూసీ సూడనట్టు పోరాదు మల్లయ్యా" అని మేస్త్రీ బతిమాలితే, "రంగేస్తే బొక్క పోతదా?" అనేవాడు. రెండుసార్లు ప్రమోషన్ ఆగింది.

మా యంత్రాన్ని బిగించడానికి కొరియా వెళ్లిన బృందంలో అతణ్ణి చేర్చింది ఆ కన్ను కోసమే. ఓ సెలవురోజున అక్కడివాళ్లు కాంగ్వా దీవిలోని సముద్రతీర దుర్గాన్ని చూపించారట. తిరిగొచ్చాక నా బల్ల ముందు కూర్చుని చెప్పాడు.

"పరదేశపోళ్ల ఓడలు గుండ్లు కొట్టినయంట సారూ. గోడ మళ్ల కట్టిన్రు. కొత్త రాయేదో పాత రాయేదో చెయ్యి పెట్టంగనే నాకెరుకైంది. పక్కకే ఓ చెట్టుంది. గుండు తాకిన గాయం సుట్టూ తెల్లగ గీసిన్రు, అందరు సూడాలని. నా లెక్కటోడే ఎవడో ఉన్నడు సారూ ఆడ!"

పసివాడిలా మురిసిపోయాడు.

విదేశం వెళ్లొచ్చిన బృందం తరఫున మా కర్మాగారపు పత్రికలో యాత్రావ్యాసం ఆ బృందంలోని పెద్ద అధికారి పేరిటే రావాలి. అది ఇక్కడి ఆచారం. ఆ అధికారి కోట గడప తొక్కనే లేదు, ఆ వేళ బజారులో టేప్ రికార్డరు బేరమాడుతున్నాడట. అయినా మల్లయ్య మాటలను సంస్కృతంలో ముంచి, "నేను స్పృశించిన శిలలు" అంటూ ఆయన పేరిట రాసిపెట్టిన గుమాస్తాను నేనే. చదువురాని మల్లయ్య ఆ పత్రికను కళ్లకద్దుకున్నాడు. ఛీ, ఏం బతుకు నాది!

నిన్న క్యాంటీన్లో సంతాపసభ జరిగింది. రెండు నిమిషాల మౌనం ముగియకముందే సమోసాల పళ్లేలు గలగలమన్నాయి. అధికారి లేచి మల్లయ్య గురించి రెండు ముక్కలు చెప్పి, ఆ వ్యాసాన్నే గొంతు వణికిస్తూ చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. సంతాపసభలో చప్పట్లు! ముందు వరుసలో ఉన్న మల్లయ్య భార్య నర్సమ్మ నన్ను అడిగింది.

"గా రాళ్ల ముచ్చట మా ఆయన చెప్పిందే గద సారూ? మరి దాంట్ల ఆయన పేరేది?"

ఓ సమోసా తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. అంతటి నీచుణ్ణి.

అందుకే ఇప్పుడు నా పేరుతోనే రాస్తున్నాను. ఆ కోటను చూసినవాడు, ఆ శిలలను తాకినవాడు లక్డారం మల్లయ్య. అబద్ధం అల్లినవాణ్ణి నేను. అలాంటి పనివాడు, అలాంటి సత్యసంధుడు మా ఫౌండ్రీకి మళ్లీ దొరకడు.

అచ్చుకివ్వకముందే దీన్ని నర్సమ్మకు చదివి వినిపించాను. పేరు వచ్చినప్పుడల్లా తలూపింది. చివర్లో కొంగుతో మొహం తుడుచుకుని, "ఆయనున్నప్పుడు రాయకపోతివి సారూ" అంది.

మల్లయ్యా, క్షమించమని అడిగే మొహం కూడా లేదు. నమస్కారం.