రెండు వైపుల నుంచి ఒకే బెజ్జం

ఆ మధ్యాహ్నం ఆళ్లగడ్డలోని మా కొట్టంలో నాయన, నేను, దీపస్తంభం చేయించుకోను నంద్యాల నుంచి వచ్చిన రైతు ఉన్నాం. మా ముందు రాయి తొలిచే బర్మా, దాన్ని తిప్పే విల్లు, రెండు వైపులా నడిమి గుర్తు పెట్టిన నా వృత్తలేఖిని, దీపస్తంభానికి చెక్కిన మూడు బలపపు రాతి ముక్కలు ఉన్నాయి. వాటిని ఇనుప కడ్డీకి గుచ్చి నిలబెట్టాలి. రెండింటికి బెజ్జాలు పడ్డాయి. మూడోది నాయన చేయి వణికి పగిలితే, దానికి బదులు చెక్కిన ముక్క ఇది. ఇదీ పగిలితే వేరే కొట్టానికి పోతానని రైతు ముందే చెప్పాడు. నాయన విల్లు నాకిచ్చాడు.

మెత్తని రాయిని ఒకే వైపు నుంచి తొలిస్తే అడుగు అంచు ఊడిపోతుంది. అందుకే సగం పైనుంచి, సగం కిందినుంచి తొలుస్తాం. లోపల రెండూ కలిసిందీ లేనిదీ కంటికి కనిపించదు.

"ఏమప్పా, మీవాడు తొలుస్తాండాడా, రాయికి జోల పాడతాండాడా?" అన్నాడు రైతు.

"గమ్మునుండన్నా. వాని చెయ్యి కదిలితే నీ దీపమే వంకరైతాది," అన్నాడు నాయన.

చెమటకు విల్లు జారుతోంది. రెండో వైపు నుంచి కలవాల్సిన లోతుకు చేరినా బర్మా ఇంకా రాతినే గీకుతోంది. పక్కకు పోయానేమో అనిపించింది. అయినా విల్లు లాగుతూనే పోయాను. ఉన్నట్టుండి బర్మా తేలికైంది.

మా పద్ధతి ప్రకారం రాయిని ఎత్తి ఒక చివర నోరు పెట్టి ఊదాను. నాయన రెండో చివర అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"గాలి వస్తాండాది," అన్నాడు, చెయ్యి తీయకుండానే.

నాయన గుచ్చిన కడ్డీ సగంలో ఒకసారి తగిలి, తర్వాత చివరిదాకా దిగింది. అది తగిలిన చోట రెండు బెజ్జాల మధ్య తేడా అంగుళంలో పదహారో వంతు, అంతే.