నీలి వెలుగులో తాత రాత

మా తాత చేలు పంచి రాసిన భాగాల కాగితానికి నాయన అద్దం పటం కట్టించి, వల్లూరులోని మా ఇంటి వసారాలో తగిలించాడు. తూర్పు ముఖం ఇల్లు. పొద్దుటి ఎండ నేరుగా దాని మీదే పడేది. నేను పావగడ తాలూకా ఆఫీసు రికార్డు రూములో పని చేస్తాను. ఎండ తగిలితే సిరా ఎగిరిపోతుందని అక్కడ పాత కట్టలన్నీ గుడ్డల్లో చుట్టించి చీకటి అరల్లో పెట్టిస్తాను. ఇంట్లో మాత్రం రోజూ ఆ పటం కిందే చెప్పులేసుకుని వెళ్లేదాన్ని. ఒక్కనాడూ తలెత్తి చూడలేదు.

మిగిలిన ఒక్క చేనూ సోలారు కరెంటు కంపెనీకి ఇచ్చేటప్పుడు ఆ కాగితం అవసరం పడింది. తాత వాళ్లమ్మ సమాధి ఆ చేలోనే ఉంది. పైన పెట్టిన రాళ్లు ఎప్పుడో పోయాయి. ఏళ్ల తరబడి శెనక్కాయకు దున్ని దున్ని ఆనవాలు లేకుండా పోయింది. వేపచెట్టు దగ్గరని నాయన, బావి పక్కనని పెద్దనాయన పట్టుబట్టి మాటలు మానేశారు. చోటు చూపిస్తే అంత మేర వదిలేస్తామని, సోమవారం వస్తామని కొలతల వాళ్లు చెప్పిపోయారు. సమాధి ఎక్కడుందో తాత కొలత వేసి ఆ కాగితంలో రాశాడని అన్నదమ్ములిద్దరికీ తెలుసు.

శనివారం పటం దించి విప్పాము. అక్కడక్కడ లేత గోధుమరంగు మరకలు తప్ప ఒక్క అక్షరం లేదు. రికార్డులు కాపాడేదాన్నై ఉండి దీన్ని నేనే ఎండకు వదిలేశాను. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

పెద్దనాయన లోటాలో కరక్కాయ కషాయం కాచుకొని వచ్చాడు. "తాత సిరా చేసిందే కరక్కాయ, అన్నభేదితో. ఇది పూస్తే అక్షరం లేస్తాది," అన్నాడు. మా ఆఫీసులో ఎవరో అలాగే పూసిన రిజిస్టరు ఒకటుంది. పేజీ మొత్తం నల్లబడి, ముట్టుకుంటే విరిగిపోతుంది. నేను కాగితానికి చెయ్యి అడ్డం పెట్టాను.

"వద్దు పెద్దనాయనా. పూస్తే మళ్ల తీయలేము. రేపటి దాకా నాకు వదిలెయ్యి."

ఆయన లోటా కింద పెట్టాడు. నన్ను నమ్మినట్టు మాత్రం లేడు.

పాత కాగితాల సంగతి నేర్పడానికి ఒకసారి మా ఆఫీసుకు వచ్చినామె చెప్పిన మాట రాత్రంతా మెదులుతూనే ఉంది. ఇలాంటి సిరా కంటికి మాసిపోయినా అన్నభేదిలోని ఇనుము కాగితంలోనే ఉంటుందట, నీలి దీపం కింద నల్లగా తేలుతుందట. అలాంటి దీపం యాడ దొరుకుతుందా అనుకుంటుంటే పావగడలో మేం బట్టలు కొనే అంగడి గుర్తొచ్చింది. దొంగనోట్లు పట్టే దీపం వాళ్ల గల్లా మీదే ఉంటుంది.

ఆదివారం కాగితాన్ని అట్టల మధ్య పెట్టి, తెల్లపంచెలో చుట్టుకొని నాయన బండి మీద వెళ్లాము. అంగడాయన విషయం విని షట్టర్ సగం దించాడు. దీపం కింద కాగితం పెట్టగానే తాత వంకర అక్షరాలు వరసగా నల్లగా లేచాయి. నాయన గట్టిగా చదవబోయి, నువ్వే చదువమ్మా అని నన్ను ముందుకు జరిపాడు. నేను చదివాను: బావి తూర్పు గట్టు నుంచి వేపచెట్టు వైపు ముప్పై అడుగులు, అక్కడ అమ్మ ఉంది, నాగలి పెట్టొద్దు. ఫోనుతో రెండు ఫోటోలు తీసి వెంటనే దీపం ఆర్పించాను. ఆ వెలుగు కూడా ఎక్కువసేపు మంచిది కాదు.

నాయన అక్కడినుంచే పెద్దనాయనకు ఫోను చేశాడు. "అన్నా, నువ్వు చెప్పిందీ సగం నిజమే, నేను చెప్పిందీ సగం నిజమేప్పా. మధ్యలో ఉండాది."

సాయంత్రం ఇద్దరూ కలిసి అడుగులు వేశారు. మూరెడు లోతున గడ్డపార సమాధి మీద కప్పిన బండకు తగిలింది. పెద్దనాయన కండువాతో మొహం తుడుచుకొని గట్టు మీద కూలబడ్డాడు. వారం రోజులుగా మాటల్లేని అన్నదమ్ములు ఆ రోజు ఒకే చోట కూర్చుని సంగటి తిన్నారు.

ఇప్పుడు ఆ చోటు చుట్టూ కంచె ఉంది, ప్యానెళ్లు దానికి అవతలే ఆగాయి. కాగితం బీరువాలో నూలు గుడ్డలో పడుకుంది.