నీలం గౌను

హేమలత దేన్నీ ఒకసారి చూసి నమ్మదు. పెనుకొండలోని పెద్ద స్వచ్ఛంద సంస్థ ఆఫీసుకు తొంభై ఎనిమిదిలో రెండు నెలల ట్రైనింగుకు వచ్చిన ఈ ధర్మవరం అమ్మాయి, హాజరు పట్టీలో సంతకాల మీద తడివేలు రాసి సిరా ఎప్పటిదో చూస్తుంది. నడిచినా కూర్చున్నా దుమ్ము తగలకుండా చీర కుచ్చిళ్లు పట్టుకునే ఉంటుంది. విదేశీ దాతలకు పంపే పిల్లల ఫోటోలను అట్టల మీద అంటించడం ఆమె పని. ఒకనాడు సోమందేపల్లి దగ్గరి ఒక ఊరి ఫోటోల్లో పదకొండు మంది ఆడపిల్లల ఒంటి మీద ఒకే నీలం గౌను, భుజం దగ్గర అదే కుట్టు కనిపించాయి. బట్టలు పంచినట్టు దాతలకు చూపడానికి ఆఫీసువాళ్లే దాన్ని తొడిగిస్తున్నారని తేల్చుకుంది. మిగిలిన పిల్లల ఫోటోలు తీసే రోజున, ఎవరికీ కారణం చెప్పకుండా తనూ జీపెక్కింది.

ఊళ్లో బడిగోడ చాటున కుళ్ళాయమ్మ అనే ముసలావిడ ఒక పిల్లకు ఆ గౌను విప్పి ఇంకో పిల్లకు తొడుగుతోంది.

"ఇది ఆఫీసోళ్లు తెచ్చిందే కదవ్వా?" అని నిలదీసింది హేమలత.

"వాళ్లు యాడ తెచ్చినారమ్మా? మా మనవరాలిది. ఫోటోలో చినిగిన బట్టల్తో నిలబడేదానికి పిల్లోళ్లకి సిగ్గు కాదా? అడిగినోళ్లకంతా ఇస్తాండా. నువ్వూ ఆఫీసుకని మంచి చీర కట్టుకోనే వచ్చినావు గదా!"

కుచ్చిళ్ల మీద హేమలత చెయ్యి బిగుసుకుంది. ఆ చీర హాస్టల్లో పక్క మంచం అమ్మాయిది. మరక పడకుండా శనివారం తిరిగివ్వాలి.