గ్వాంగ్‌జౌలో తొమ్మిది గంటలు

మా అమ్మాయికి ఎనిమిదో ఏట షుగర్ బయటపడింది. రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ వేసుకోవాల్సిన రకం. ఆ తరువాత రెండేళ్లు మేము హైదరాబాద్ వెళ్లలేదు. ఆక్లాండ్ నుంచి బయల్దేరితే మధ్యలో ఎక్కడో ఒకచోట విమానం మారక తప్పదు. ఈసారి మాకు కుదిరింది గ్వాంగ్‌జౌ మీదుగా. అక్కడ తొమ్మిది గంటలు ఆగాలి. మా ఆయనకు సెలవు దొరకలేదు.

"భాష రాని ఊళ్లో దానికి షుగర్ పడిపోతే ఒక్కదానివి ఏం చేస్తావు? వచ్చే ఏడు చూద్దాంలే," అన్నారు.

"పోయినేడూ అదే అన్నాం. తన వల్లే ఎక్కడికీ వెళ్లలేకపోతున్నామని అది అనుకుంటోంది. టికెట్లు బుక్ చేసెయ్యండి. ఏం చెయ్యాలో నేను నేర్చుకుంటా."

ఆక్లాండ్‌లో మేముండే మౌంట్ రాస్కిల్‌లో మా పక్కింటి ఆంటీ చైనా నుంచి వచ్చి స్థిరపడినావిడ. డాక్టరు ఇచ్చిన ఉత్తరం ఆమెకు చూపిస్తే, దాని సారాంశం చైనీస్‌లో ఒక కాగితం మీద రాసిచ్చారు. "ఈ పాపకు డయాబెటిస్ ఉంది, ఇన్సులిన్, సూదులు దగ్గరే ఉండాలి" అన్న ఒక్క వాక్యం నాచేత వల్లె వేయించారు. నేను అన్న ప్రతిసారీ నవ్వేవారు. మా అమ్మాయి పక్కనే హోంవర్క్ చేసుకుంటూ వినేది.

ఇన్సులిన్ రెండు బ్యాగుల్లో సగం సగం సర్దాను. తన చేతికున్న సెన్సర్ నుంచి షుగర్ చూపించే ఫోన్ మొరాయించినా ఇబ్బంది లేకుండా, వేలు గుచ్చి చూసే మీటరు కూడా పెట్టాను. ఒక శనివారం రిహార్సల్‌గా ఆ బ్యాగులతోనే హెండర్సన్‌లోని మాల్‌కి వెళ్లి, తొమ్మిది గంటలూ అక్కడే గడిపాం. నాలుగో గంటలో మా అమ్మాయికి షుగర్ పడిపోయింది. గ్లూకోజ్ బిళ్లలేమో బ్యాగు అడుగున ఉన్నాయి. బ్యాగంతా కింద కుమ్మరించి వెతికాను. ఆ రోజే వాటిని తన జాకెట్ జేబులోకి మార్చాను.

గ్వాంగ్‌జౌలో దిగాక సెక్యూరిటీ దగ్గర ఒక అధికారిణి సూదుల డబ్బా పైకెత్తి చూపించింది. నేను నేర్చుకున్న వాక్యం మొదలుపెట్టాను. సగంలో నాలుక మడతపడింది. ఆమెకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఇంతలో మా అమ్మాయి ముందుకొచ్చి ఆ వాక్యం తడుముకోకుండా చెప్పేసింది. ఆమె వంగి ఇంకేదో అడిగింది. మా అమ్మాయికి వచ్చింది ఆ ఒక్కటే కాబట్టి మళ్లీ అదే చెప్పింది. ఆమె నవ్వేసింది. నేనిచ్చిన కాగితం ఆసాంతం చదివి, డబ్బా మూతపెట్టి పిల్ల చేతికే ఇచ్చింది.

లోపల కూర్చున్నాక ఎదురుగా నూడుల్స్ కొట్టు కనబడింది. తెలియని తిండి పెట్టకూడదని, ఇంటినుంచి తెచ్చిన బిస్కెట్లే తినాలని నేను ముందే తీర్మానించుకున్నాను.

"నూడుల్స్‌కి ఎంత ఇన్సులిన్ కావాలో గెస్ చేద్దాం అమ్మా. షుగర్ హై అయితే కరెక్షన్‌కి ఇంకో డోసు వేసుకోవచ్చు కదా," అంది మా అమ్మాయి.

కాదనడానికి నోరు తెరిచాను. కానీ ఇంత దూరం వచ్చింది దాన్ని బిస్కెట్లతో కూర్చోబెట్టడానికి కాదు కదా. నూడుల్స్ కొని, గిన్నెలో ఎంత ఉందో ఇద్దరం చూసి ఇన్సులిన్ లెక్క వేశాం. తనే ఇన్సులిన్ వేసుకుని, చాప్‌స్టిక్స్‌తో కుస్తీ పడుతూ అంతా తినేసింది. రెండు గంటల తరువాత చూస్తే షుగర్ కొంచెం ఎక్కువగా ఉంది. ఇంకొంచెం ఇన్సులిన్ వేసుకుంది. బోర్డింగ్ పిలిచేసరికి షుగర్ దారిలో పడింది. ఇద్దరం లేచి లైన్లో నిలబడ్డాం.