కొసరు వద్దన్న దొరగారు

బేరం తెగేక కూడా అరచెయ్యి చాపి "కొసరండీ?" అనే దొరగారు ఒకాయన ఉండేవారు. కమ్యూనిస్టుల పాలన పోయి, ఎన్నికలొచ్చిన యూరపు దేశం ఆయనది; అక్కడో పార్టీకి పెద్ద కూడాను. ఏటా అమలాపురంలో మా కొట్టుకొచ్చి కొబ్బరితాళ్ళు కొనేవారు. వచ్చీరాని తెలుగుతో నన్నే ఓడించి, పైన రెండు కొబ్బరికాయలు కొసరు పట్టుకుపోయేవారు.

ఓసారి బేరం మధ్యలో ఆయనకి ఫోనొచ్చింది. మాట్లాడి నీరుగారిపోయేరు.

"మా పార్టీ చిన్నదండీ. మొన్న ఎన్నికల్లో పాత కమ్యూనిస్టులకి మెజారిటీ చాల్లేదు, ప్రభుత్వంలో తమతో కలవమంటున్నారు. వాళ్ళ జైల్లోనే మా నాన్నగారు పోయేరు. మావాళ్ళు నా మాట కోసం చూస్తున్నారు."

నా బుద్ధెక్కడికి పోతుంది? "ఏమిస్తారంటండీ?" అన్నాను.

"ఒక మంత్రి పదవి."

"మీరు లేందే వాళ్ళ బేరం తెగదు కదండీ! రెండడగండి."

"ఆయ్," అని నవ్వి, ఫోను తీసి వాళ్ళ భాషలో ఒక్క ముక్క అన్నారు.

"రెండూ ఇస్తారంటండీ?"

"వాళ్ళతో కలవడం కుదరదన్నానండీ."

తాళ్ళు లారీకెక్కేయి. ఎప్పట్లాగే పైన రెండు కాయలు పెట్టేను. ఆయన వాటిని తీసి నా బల్లమీద పెట్టేరు.

"ఈసారి కొసరొద్దండీ."

మూడు తరాల కొట్టు మాది. కొసరు తిరిగొచ్చిన బేరం అదొక్కటే.