ఫోన్లలోకెక్కిన వియ్యాలవారి పాట

ఆషాఢం వెళ్లి శ్రావణం వచ్చింది. రేపల్లె నుంచి మాత్రం ఎవరూ రాలేదు.

మా చెల్లెలి కూతురికి ఆ వేసవిలోనే పెళ్లయింది. కొత్త కోడలు ఆషాఢంలో అత్తగారింట ఉండకూడదు కదా, బాపట్లలో పుట్టింటికి వచ్చింది. "నెల తిరగ్గానే మేమే వచ్చి తీసుకెళ్తాం, వరలక్ష్మీ వ్రతానికి కోడలు మా ఇంట్లో ఉండాలి" అని నవ్వుతూ సాగనంపిన అత్తగారు ఇప్పుడు ఫోన్ ఎత్తడం మానేసింది. అల్లుడు ఒకసారి ఎత్తి, "అమ్మకి మనసు బాగాలేదండి" అని పెట్టేశాడట. పిల్ల బట్టలన్నీ పెట్టెలో సర్దుకుని, ఆ పెట్టె మంచం పక్కనే పెట్టుకుని కూర్చుంది. మా చెల్లెలు రోజూ తెనాలికి ఫోన్ చేసి నా దగ్గర ఏడుపు.

సంగతేంటో చివరికి పిల్లే మొగుడి దగ్గర రాబట్టి నాకు చెప్పింది.

"పెద్దమ్మా, రేపల్లెలో సెల్ షాపువాళ్లు మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కిస్తారుగా. అందులో మన పెళ్లి పాట ఉందంట. నువ్వు పాడింది. మా అత్తగారి మీద."

ఫోన్ పెట్టేసి మా ఆయన వైపు తిరిగాను. ఆయన ఎప్పటిలాగే కంప్యూటర్ ముందున్నాడు. ఇంటికి నెట్ కనెక్షన్ వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి పాత పాటలు వేటాడ్డమే పని. ఎప్పుడో రేడియోలో ఒక్కసారి వచ్చి మాయమైన లలితగీతాలు, గ్రామఫోను రికార్డుల గరగరలు. అలాంటివి దాచుకున్నవాళ్లు ఒకరికొకరు పంచుకునే సైటొకటి దొరికింది. అక్కడ ఊరికే ఏదీ ఇవ్వరు. ఎవరి దగ్గరా లేనిది మనం పెడితే, ఎవరి దగ్గరా లేనిది వాళ్లిస్తారు. మా ఆయన దగ్గర ఎవరి దగ్గరా లేనిది ఏముంది? నేనున్నాను. నా గొంతుంది.

మా వైపు పెళ్లిళ్లలో బంతి భోజనాల దగ్గర ఆడపెళ్లివారు మగపెళ్లివారిని పాటలో ఎత్తిపొడవడం ఆనవాయితీ. పేరు పెట్టి మరీ ఆడిపోసుకుంటాం. అది వినలేనివాళ్లు వియ్యానికి పనికిరారు. నేనా రోజు వియ్యపురాలి పేరూ ఊరూ ఎత్తి పిలిచి, పాట అందుకున్నాను:

విడిదింటి కాఫీకి వంకలే పెట్టింది
వంక పెడుతూ పెడుతూ మూడు గ్లాసులు తాగె
గ్లాసు కూడా కొంగున కట్టె మా వదినమ్మ

పందిరంతా గొల్లుమంది. ఆవిడా నవ్వింది. మా ఆయన అరచేతిలో పట్టే రికార్డరు ఆకు పక్కన పెట్టుకుని అంతా పట్టేశాడు.

"సైటులో పెట్టారా?" అన్నాను.

"పెళ్లి పాటలని పెట్టాను. పేర్లు ఎవరు పట్టించుకుంటారనుకున్నాను."

"తీసెయ్యండి."

"పాట ఎక్కడెక్కడో కనబడుతోందని నిన్ననే తీసేశాను. ఏం లాభం? దింపుకున్నవాళ్లు ఇంకో నాలుగు చోట్ల పెట్టేశారు. ఇప్పుడది నా చేతిలో లేదు."

"పిల్ల కాపురం పణంగా పెట్టి, బదులుగా మీరు తెచ్చుకున్న ఆ పాతపాట బాగుందా మరి?"

ఆయన కాసేపు ఆలోచించి, "చివర్లో కాస్త గరగర ఉంది" అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆ మనిషితో నేను ఇన్నేళ్లు కాపురం చేశాను.

మర్నాడు చెల్లెలు బాపట్ల నుంచి తెనాలి వచ్చింది. పిల్లని ఇంట్లోనే వదిలి, మా ఆయనతో కలిసి ముగ్గురం రేపల్లె పాసింజరెక్కాం. చెల్లెలు దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను. అక్కడ నోరు విప్పకు. ఆవిడేమన్నా పడు. మనం వాదించి గెలిచామనుకో, పిల్ల ఇంట్లోనే ఉండిపోతుంది."

"నేనేం తప్పు చేశానే? పెళ్లిలో పాడకపోతే సంబంధం ఇష్టం లేదంటారు."

"అదిగో, ఆ గొంతే వద్దంటున్నాను."

రేపల్లెలో వాళ్ల వాకిట్లోకి వెళ్తే ఆవిడ కుర్చీలు వేయించింది గానీ, రండి అనలేదు. నిలబడే మాట్లాడింది. చూపు మాత్రం నా మీదే.

"పిండిమర దగ్గరికి వెళ్తే నా వెనకాల ఆ పాట మోగిస్తున్నారు వదినగారూ. గ్లాసు పిన్ని అంటున్నారు నన్ను. మా ఇంట్లో పాలుపోసే మనిషి గ్లాసు పట్టుకుని నవ్వాపుకుంటోంది."

"వేళాకోళానికి పాడిన..." నేను మొదలుపెట్టేసరికి చెల్లెలు నా మోచెయ్యి గిల్లింది.

"పాడినందుకు కాదండి. ఆ రోజు నేను నవ్వాను. నవ్వి ఊరుకున్నానా? లేచి జవాబు పాడానా లేదా? మీ మీదే పాడాను. మీవాళ్లే ఈల వేశారు. మరి ఆ పాటేది? ఫోన్లో మీ పాటే ఉంది, నా జవాబు లేదు. ఊరంతా ఏమనుకుంటోంది? ఆవిడ అన్ని మాటలంటే ఈవిడ నోరు మూసుకుని కూర్చుందనేగా?"

ఆ జవాబు పాట ఫోన్లలో లేదన్న సంగతి నాకూ తెలీదు. మా ఆయన వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

"అప్పుడే సన్నాయి మేళం అందుకున్నారమ్మా. సరిగ్గా వినపళ్లేదు. శుభ్రంగా ఉంటుందని ఆ ముక్క కత్తిరించాను."

"మీవిడ ముక్క మాత్రం శుభ్రంగా ఉంది" అంది ఆవిడ.

చెల్లెలి వేళ్లు నా మోచేతి మీదే ఉన్నాయి. వియ్యపురాలు మా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ మిషను తెచ్చారా అన్నయ్యగారూ? తీయండి. ఇప్పుడు పాడతాను. అది పెట్టినచోటే ఇదీ పెట్టాలి. అంతవరకు మీ పిల్ల మీ ఇంట్లో, మా వాడు మా ఇంట్లో."

మా ఆయన రికార్డరు తీసి ఆవిడ ముందు స్టూలు మీద పెట్టాడు. అల్లుడు గుమ్మంలో నిలబడి తల్లినీ మమ్మల్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆవిడ గొంతు సవరించుకుంది. మంచి గొంతే, అది నేనొప్పుకోవాలి.

తెనాలి పెద్దక్క నోరు తెరిచిందంటే
రైలుబండి కూత మాని చెవులు మూసుకున్నదీ
పెళ్లికొచ్చిన వారు పీటలొదిలి పోయిరీ
మొగుడొకడే మిగిలె పాపం, చెవిటివాడనుకుంటా

ఇంతవరకు పెళ్లిలో పాడిందే. నాకూ నవ్వొచ్చింది. ఆవిడ అక్కడ ఆగలేదు. ఇన్నాళ్ల ఉక్రోషం ఉందిగా, కొత్త చరణం అందుకుంది.

పిల్ల కన్నా ముందు పాటనే పంపిందీ
కన్నకడుపైతే కదా కాపురం విలువ తెలిసేదీ

మాకు పిల్లల్లేరు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. వియ్యాలవారి పాటల్లో ముక్కు వంకర్లు, తిండి యావ, పిసినారితనం ఏవైనా అంటాం గానీ, ఆ మాట ఎవరూ అనరు. నా నాలిక చివర జవాబు సిద్ధంగా ఉంది. ఆవిడ మళ్లీ జన్మలో పాడకుండా చేసే జవాబు. చెల్లెలు గిల్లడం కూడా మర్చిపోయి నా మొహంలోకి చూస్తోంది. నాకు బాపట్లలో మంచం పక్కనున్న పెట్టె కనిపించింది. పళ్లు బిగించి కూర్చున్నాను.

"వినిపించండి" అంది ఆవిడ.

మా ఆయన మీట నొక్కాడు. మొదటి చరణం ఆవిడ తలాడిస్తూ వింది. రెండోది వచ్చేసరికి ఆ తల ఆగిపోయింది. తన గొంతే తనకి ఎదురుగా వచ్చి కూర్చున్నట్టుంది. కొంగు సవరించుకుంది. నా వంక చూడకుండా, "ఆ చివరి ముక్క తీసెయ్యండి అన్నయ్యగారూ" అంది.

"తియ్యొద్దు" అన్నాను.

చెల్లెలు "అక్కా" అంది.

"ఒక ముక్క కోసినందుకేగా ఇంతదాకా వచ్చింది. ఇంకో ముక్క కోసి, రేపు మళ్లీ అది లేదు ఇది లేదు అనుకోవడం ఎందుకు? మీరు పాడారు, నేను విన్నాను. పూర్తిగా ఉండనివ్వండి."

కోపంతోనే అన్నాను. మంచితనం అనుకుంటే అది వాళ్ల ఇష్టం. ఆవిడ అప్పుడు తిన్నగా నా మొహంలోకి చూసింది. తర్వాత గుమ్మం వైపు తిరిగింది.

"రేపు పొద్దున్న బండికి బాపట్ల వెళ్లి అమ్మాయిని తీసుకురా" అంది కొడుకుతో.

చెల్లెలు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. నేను లేచాను. మా ఆయన రికార్డరు జేబులో పెట్టుకోబోతే జేబు దొరకలేదు. నేను చూడనట్టు వంగి చెప్పులు వేసుకున్నాను.