దీపాల పండగకు ఒక్క పాపే వచ్చిన ఏడు

మా నానీ పోయింది. మొన్న పొద్దున వంటింట్లో పిండి జల్లిస్తుంటే ఆమె కొడుకు పరాయి దేశం నుంచి ఫోన్ చేశాడు. "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది," అన్నాడు. "ఇన్నా లిల్లాహి" అనుకుంటూ జల్లెడ పక్కన పెట్టాను.

నానీ నాకు రక్తసంబంధం కాదు. నాది నెల్లూరు, ముస్లింల ఇంటి పిల్లను. ఆమె బొంబాయిలో పుట్టిన యూదు ముసలమ్మ. దుబాయ్‌లో యూదు కుటుంబాలు దాపరికం లేకుండా కలుసుకోవడం మొదలైన కొత్తలో, ఒక విల్లాలో వాళ్ళ పిల్లలకు పండగలు, ఆటపాటలు నడిపేది. అక్కడ వంటపని నాది. మా ఇద్దరికీ మాట కలిపింది హిందీ. పిల్లలు వాళ్ళ భాషలో అమ్మమ్మ అని పిలుస్తుంటే, నేను మా ఇంటి అలవాటుకొద్దీ నానీ అన్నాను.

గురువారాలు బడి వదిలాక పిల్లలొచ్చి శుక్రవారం రాత్రి భోజనానికి జడల్లే అల్లిన రొట్టెలు చేసేవాళ్ళు. చక్కగా వచ్చినవి ఇళ్ళకు పంపి, వంకరవి బల్లమీద పెట్టించేది. ఎందుకని అడిగితే, "వంకర రొట్టె చేసిన బిడ్డ ముందరే దాన్ని కోసి తినాల బేటీ. అప్పుడే మళ్ళీ చేస్తుంది," అనేది.

వాళ్ళ వేషాల పండగ ఒకసారి మా రంజాన్ నెలలో వచ్చింది. రాజులు, సింహాలు, సీతాకోకచిలుకలు ఇల్లంతా గోల. సాయంత్రం మసీదులో బాంగు ఇచ్చే వేళకు నానీ చప్పట్లు కొట్టింది. "యల్లా, కూర్చోండి. ఆంటీ పొద్దుటి నుంచీ మంచినీళ్ళు కూడా తాగలేదు." సింహం వేషంలో ఉన్న పాప ఖర్జూరాల గిన్నె పట్టుకొచ్చి, నేను మింగేదాకా నోరు తెరుచుకుని చూసింది.

తర్వాత యూదుల దేశంలో యుద్ధం వార్తలొచ్చాయి. భయంతో విల్లా గేటు మీది బోర్డు తీసేశారు. తల్లులు ఫోన్లలో గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. ఆ ఏడు చలికాలంలో వచ్చే వాళ్ళ దీపాల పండగకు ఎవరూ రారని తెలిసి కూడా, ఆ పండక్కి తినే డోనట్లు నానీ నాచేత గంపెడు వేయించింది. చివరికి ఒక్క పాప వచ్చింది, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని.

"మిగతావాళ్ళేరీ?" అందా పాప.

నానీ కళ్ళల్లో నీళ్ళు నేను చూసింది అదే మొదలు. తేరుకుని, "ఇళ్ళల్లో ఉన్నారు. పిలుద్దాం," అని ఒక్కో ఇంటికీ వీడియో కాల్ చేయించింది. ట్యాబ్ నేను పట్టుకున్నాను. ఒక్కో చదరంలో ఒక్కో మొహం. నెట్ నిలవని ఇంటి బిడ్డ కోసం ఆగమంది. అందరూ దీపాలు వెలిగించి పాడుతుంటే నా వైపు తిరిగింది.

"నీ బిడ్డ ఏది?"

"అది నెల్లూరులో కదా నానీ."

"ఈళ్ళు మాత్రం ఇక్కడున్నారా? పిలువు."

మా అమ్మ దగ్గర పెరుగుతున్న నా కూతురు సిగ్గుపడుతూ తెరమీదికొచ్చింది. "అమ్మా, వాళ్ళెవరు?" అని తెలుగులో అడిగింది. నానీ అర్థమైనదానిలా చెయ్యి ఊపి, డోనట్ ఒకటి కెమెరాకు ఆనించి, "తిను, తిను," అంది. నా బిడ్డ పకపకా నవ్వింది. దాని నవ్వు విని ఎన్నాళ్ళయిందో అప్పుడు తెలిసింది నాకు.

తర్వాత పిల్లలు ఒక్కరొక్కరే తిరిగొచ్చారు. నానీ మాత్రం చిక్కిపోతూ వచ్చింది. జబ్బు సంగతి నాకొక్కదానికే తెలుసు. "పిల్లలకు చెప్పొద్దు. పండగకొచ్చిన బిడ్డలు పండగే చూడాల," అని ఒట్టు వేయించుకుంది.

వైద్యానికి కొడుకు దగ్గరికి వెళ్ళిన రోజు ఎయిర్‌పోర్ట్ దాకా పోయాను. చక్రాల కుర్చీలో ఇంతై కూర్చుంది. "ఏడవబాకు, మళ్ళీ వస్తాగా," అంది. రాదని ఇద్దరికీ తెలుసు. లోపలికి తోసుకుపోతుంటే వెనక్కి తిరగలేక, తల పైకి చేయి ఒకటి ఎత్తి వేళ్ళు ఆడించింది. జనంలో కుర్చీ కనుమరుగైంది. ఆ వేళ్ళు మాత్రం తలల మీదుగా ఇంకా కాసేపు కనబడుతూనే ఉన్నాయి.